కత్తిరించుటయు, నరికివేయుటయు

చదువవలసిన భాగములు: యోహాను 15:1-8, లూకా 13:6-9

మన పల్లెలలో పెరటి దడి ప్రక్కన మల్లెపొద తరచుగా కనబడును. రెండు మూడేండ్లు దానిని పట్టించుకొననియెడల కొమ్మమీద కొమ్మ ప్రాకి, లోపలికి ఎండ చొరక, గాలి ఆడక, దడి నంతయు క్రమ్ముకొనును. చూపునకు పచ్చగానే యుండును గాని పూలు నానాటికి తగ్గిపోవును. మల్లె ఆ యేట వేసిన క్రొత్త రెమ్మలమీదనే పూయును. ముదురు కొమ్మలమీద పూయదు. అందుచేత తోటవారు డిసెంబరు, జనవరి నెలలలో, ముందు కొన్ని దినములు నీరు ఆపి, పొదను నేలనుండి సుమారు 45 సెంటీమీటర్లు, అనగా మూరెడెత్తు ఉంచి కత్తిరింతురు. అప్పుడది మోడువలె కనబడును. మార్చి నెల వచ్చుసరికి మొగ్గ తొడుగును.

కోత లేనిదే పూత లేదని దీనినిబట్టి మనము చెప్పుకొందుము. తండ్రి కుమారుని కొట్టునప్పుడును, సంఘపెద్దలు తప్పిపోయిన యౌవనుని ప్రభువు బల్లకు దూరము చేయునప్పుడును ఇదే మాట వినబడును. అంతయు వాని మేలుకొరకే అందురు. అయితే పచ్చని కొమ్మను కోయు హక్కు ఎవరిది? అది ఎంతవరకు?

యోహాను 15వ అధ్యాయములో క్రీస్తు ద్రాక్షావల్లి, తండ్రి వ్యవసాయకుడు, మనము తీగెలము. కత్తి వ్యవసాయకుని చేతిలోనే యున్నది. ఒక తీగె మరియొక తీగెను కత్తిరించినట్లు అందులో ఎక్కడను లేదు. కాబట్టి తలిదండ్రుల చేతిలోను పెద్దల చేతిలోను ఉన్నది అడిగి తెచ్చుకొన్న కత్తియే. దానికి లెక్క చెప్పవలెను.

అట్లని ఏమియు కోయక విడిచిపెట్టుటయే ప్రేమ అనరాదు. యెషయా 5వ అధ్యాయములో ద్రాక్షతోటకు విధింపబడిన శిక్షలలో ఒకటి, ఇకమీదట దానిని కత్తిరించువాడును త్రవ్వువాడును లేకపోవుటయే. పట్టించుకొనువాడు లేని బిడ్డ బ్రతుకు అట్టిదే.

అయినయెడల ఎట్లు కోయవలెను? తోటపని తెలిసినవాడు మొదట కాలము చూచును. మామిడి, ముదిరిన రెమ్మల కొనలయందు పూతపట్టును. మల్లెను కత్తిరించిన దినముననే మామిడి రెమ్మలను కూడ కోసినచో ఆ యేటి కాపు పోవును. దానిని కాయ కోసిన తరువాత కత్తిరింతురు. కత్తి ఒక్కటే, దినము ఒక్కటే. ఒక చెట్టునకు మేలు, మరియొక దానికి నష్టము. ఒకే ఇంటి బిడ్డలిద్దరిలో గట్టిమాటకు ఒకడు దిద్దుకొనును, మరియొకడు క్రుంగిపోవును. ఇద్దరికిని ఒకటే శిక్ష విధించుట న్యాయమువలె తోచును గాని అది వారిని ఎరుగకపోవుటయే.

రెండవది, అతడు కణుపు చూచి దానికి కొంచెము పైన కోయును. క్రొత్త చిగురు అచ్చటనుండియే రావలెను గదా. అతని కన్ను పడిపోవు కొమ్మమీద కాక మిగులు కొమ్మమీద ఉండును. కోపముతో నరుకువానికి కణుపు కనబడదు.

మూడవది అన్నిటికంటె ముఖ్యము. కోత ఒక ఉదయపు పని. తరువాత మొదలు చుట్టు త్రవ్వి, పొదకు 10 కిలోల చివికిన పశువుల ఎరువు వేసి, నీరు పెట్టి, చిగురు కొరకు కనిపెట్టుట అనేక దినముల పని. మూడేండ్లు కాయని అంజూరపు చెట్టును నరుకుమని యజమానుడు చెప్పినప్పుడు, తోటమాలి మరియొక యేడు గడువు అడిగెను. ఊరక అడుగలేదు, తానే త్రవ్వి ఎరువు వేతునని పూనుకొనెను. కొరింథు సంఘము ఒకని శిక్షించిన పిమ్మట పౌలు ఏమి వ్రాసెను? ఆ శిక్ష చాలును, అతడు అధిక దుఃఖములో మునిగిపోకుండ క్షమించి ఆదరించుడని వ్రాసెను.

కత్తి పట్టినవాడే ఎరువు తట్టయు మోయవలెను. కోసి వెళ్లిపోయినవాడు తోటమాలి కాడు. బల్లకు దూరము చేయబడిన ఆ యౌవనుని గడప ఎందరు పెద్దలు తొక్కిరి? అతనితో కూర్చుండి అన్నము తిన్నవారెవరు? అతని తల్లి కన్నీరు చూచినవారెవరు? ఒక్కరును లేనియెడల, మనము చేసినది కత్తిరించుట కాదు, నరికివేయుటయే.

ప్రియులారా, మన సంఘములో అట్టి ఇల్లు ఏదియో మనకు తెలియును. వచ్చు ఆదివారమునకు ముందే అక్కడికి వెళ్లుదము. తప్పును మరల తవ్వుటకు కాదు. కుశలము అడిగి, ప్రార్థించి, గుడిలో అతని చోటు అట్లే యున్నదని చెప్పి వత్తము.