వినోదం కోసం గాలం వేయవచ్చా?

చేప హలాల్. ఇందులో ఏ ముస్లిముకూ సందేహం లేదు. సముద్రపు వేటను, దాని ఆహారాన్ని అల్లాహ్ మన కోసం, బాటసారుల కోసం ధర్మసమ్మతం చేశాడని అల్ మాయిదా సూరా 96వ ఆయతు తెలుపుతోంది. దానికి జిబహ్ కూడా అవసరం లేదు. కాబట్టి ఇంటిల్లిపాదికీ కూర కోసం చెరువు గట్టున గాలం వేసుకుని కూర్చున్న వ్యక్తి గురించి మనం చర్చించవలసిన పని లేదు. ప్రశ్న వేరు. తినే ఉద్దేశం గాని, అమ్మే ఉద్దేశం గాని లేకుండా, కేవలం సరదాకు చేపను పట్టి, ఫోటో దిగి, తిరిగి నీళ్ళలో వదిలేయడం సబబేనా?

మన పొరుగున కర్ణాటకలో, కావేరీ ఒడ్డున భీమేశ్వరి, గాలిబోర్ శిబిరాలు ఈ ఆటకు ప్రపంచ ప్రసిద్ధి పొందాయి. అక్కడి చేప మహసీర్. 1946లో కబిని నదిలో ఒకరు పట్టిన మహసీర్ 120 పౌన్లు, అంటే దాదాపు 54 కిలోలు తూగింది. రాగి ముద్దను కొక్కేనికి గుచ్చి నీటిలో వేసేవారు. చేప దాన్ని మింగి ప్రవాహంలోకి దూసుకుపోయేది. అది అలసిపోయే వరకు దారం వదులుతూ, చుడుతూ ఉండేవారు. ఆ పెనుగులాటే వారికి ఆట.

‘ప్రాణం తీయడం లేదు కదా!’ అని వారంటారు. సహీహ్ ముస్లింలోని ఒక ఉల్లేఖనం ఇక్కడ గుర్తుకు వస్తుంది. కొందరు ఖురైష్ యువకులు ఒక పక్షిని కట్టి బాణాలు వేస్తున్నారు. తగలని ప్రతి బాణమూ పక్షి యజమానికి చెందుతుందని ఒప్పందం. హజ్రత్ ఇబ్నె ఉమర్ (రజి) అటుగా రాగానే చెదిరిపోయారు. ప్రాణమున్న దాన్ని గురిగా చేసుకునేవాణ్ణి దైవప్రవక్త (స) శపించారని ఆయన చెప్పారు. ఆ పక్షి చనిపోయిందా, బతికిందా అన్న విచారణ అందులో లేదు. ప్రాణిని ఆటవస్తువుగా చేయడమే తప్పయింది. కట్టిన పక్షి, గాలానికి చిక్కిన చేప ఒకటి కావు, నిజమే. కాని బాధే వినోదమైన చోట రెండింటికీ తేడా ఎంత?

చేపకు నొప్పి తెలుస్తుందా అన్నది కొందరి సందేహం. 2003లో బ్రిటన్‌లో లిన్ స్నెడన్ బృందం ట్రౌట్ చేప ముఖంలో గాయాన్ని గ్రహించే నాడులున్నాయని చూపింది. పెదవుల్లో ఆమ్లం ఎక్కించిన చేపలు వాటిని గులకరాళ్ళకు రుద్దుకున్నాయి, చాలాసేపు మేత ముట్టలేదు. అది నొప్పి అనుభూతి కాదని వాదించే శాస్త్రవేత్తలూ ఉన్నారు. అయితే సందేహం ఉన్న చోట దూరంగా ఉండటమే మనకు నేర్పబడింది. వదిలేసే ఉద్దేశంతోనే చేపను పట్టడాన్ని స్విట్జర్లాండ్ 2008 నాటి నిబంధనలతో నిషేధించింది. ఆ దేశానికి మన షరీఅత్‌తో సంబంధం లేదు!

ఎదుటి వాదనలో బలం లేకపోలేదు. కావేరిలోని మూపురపు మహసీర్‌ను 2018లో అత్యంత ప్రమాదంలో ఉన్న జాతిగా ప్రకటించారు. ఆనకట్టలు, పేలుడు మందుతో వేట, బయటి నుండి తెచ్చి వదిలిన మరో మహసీర్ జాతి దానిని దెబ్బతీశాయి. 2012 వరకు గాలిబోర్‌లో గాలం వేసేవారు రాసి ఉంచిన లెక్కల వల్లనే ఈ క్షీణత లోకానికి తెలిసింది. శిబిరాల కావలి వల్ల దొంగవేట కూడా తగ్గింది. ఈ మేలును మేము కాదనము. కాని కాపలా మంచిదైనంత మాత్రాన సరదా మంచిదైపోదు. నదిని కాయడానికి చేప నోట్లో కొక్కెం దించవలసిన అవసరం లేదు.

వదిలేయడమే తప్పని దీని అర్థం కాదు. కూర కోసం వేసిన గాలానికి చిన్న పిల్ల పడితే, తడి చేత్తో పట్టుకుని నీళ్ళలో విడిచిపెట్టడం మంచి పనే. అక్కడ సంకల్పం వేరు.

వేట వెంట పడినవాడు ఏమరుపాటుకు లోనవుతాడన్న హదీసు అబూ దావూద్‌లో ఉంది. నీటి ఒడ్డున జుహ్ర్, అస్ర్ దాటిపోయినవారికి దీని భావం వివరించనక్కరలేదు. ఇక తినడానికే పట్టేవారు కొరమీను కోసం బతికున్న కప్పను కొక్కేనికి గుచ్చే అలవాటు మానుకోవాలి. ఎర్రలతోనో, పిండి ముద్దతోనో వేరే చేప పడుతుంది. పట్టిన దాన్ని గట్టు మీద గిలగిల కొట్టుకోనివ్వకుండా, తలపై ఒక్క దెబ్బతో ముగిస్తే సరిపోతుంది.