గోడ ఆరనివ్వు

తెనాలి,
ఆషాఢ శుద్ధ పాడ్యమి.

చిరంజీవి చిన్నాకి పెదనాన్న దీవించి రాసేది.

మీ పెద్దమ్మకి మోకాళ్ల నొప్పి కాస్త నెమ్మదించింది. నువ్వు ఫోన్లో పంపిన రెండు కొటేషన్లూ చూశాను. లోపలి గోడలకి సరుకుతో కలిపి అడుగుకి ఒకాయన 29 రూపాయలన్నాడు, ఇంకొకాయన 17కే చేసిపెడతానన్నాడు. "ఇద్దరూ అదే కంపెనీ రంగంటున్నారు, అవే రెండు కోటింగులంటున్నారు, మరి అడుగుకి 12 రూపాయలు ఊరికే ఎందుకివ్వాలి పెదనాన్నా?" అని అడిగావు. సైటు దగ్గర హడావిడిలో ఉంటావు, ఫోన్లో చెబితే సగమే వింటావు. అందుకని ఉత్తరం రాస్తున్నాను. తీరిగ్గా కూర్చుని చదువు.

ముందు లెక్క చూడు. ఇల్లు వెయ్యి అడుగులే కదా, రంగూ అంతేనేమో అనుకోకు. గోడలూ సీలింగూ కలిస్తే నేలకి మూడున్నర రెట్ల పైనే తేలుతుంది. నీ పడగ్గది 12 బై 11, ఎత్తు 10. నాలుగు గోడలు 460, సీలింగు 132, వెరసి 592 చదరపు అడుగులు. తలుపుకి 21, కిటికీకి 16 తీసేస్తే 555. ఆ తీసెయ్యడం ఉందో లేదో పని మొదలెట్టకముందే తేల్చుకో. గోడ మందంలో అంచులకీ రంగు పడుతుంది కాబట్టి చిన్నచిన్న కిటికీలు తీసెయ్యరు, అది న్యాయమే. ఇల్లంతా 3,600 అడుగులనుకుందాం. 17 చొప్పున 61,200. 29 చొప్పున 1,04,400. తేడా 43,200 రూపాయలు.

ఈ నలభై మూడు వేలు ఆ రెండో ఆయన ఎక్కడ మిగిలిస్తాడో ఒక్కసారి ఆలోచించు. రంగు డబ్బా ఇద్దరికీ ఇంచుమించు ఒకే ధరకొస్తుంది. లీటరుకి రెండు కోటింగులూ కలిపి 120 అడుగులు వేసుకున్నా నీ ఇంటికి 30 లీటర్లు కావాలి. అందులో తగ్గించాలంటే దారి ఒక్కటే, డబ్బా మీద రాసినదానికన్నా ఎక్కువ నీళ్లు కలపడం. లప్పం 40 కిలోల బస్తా కూడా ఇద్దరికీ ఒకటే ధర. అక్కడ తగ్గించాలంటే రెండుసార్లు పట్టాల్సింది ఒకసారి పట్టాలి, లేదా తెల్ల సిమెంటు లప్పానికి బదులు సుద్దపొడి కలిపిన చవక సరుకు తేవాలి. ప్రైమరు ఎగ్గొడితే ఓ రెండు రోజుల పనీ డబ్బాల ఖర్చూ కలిసొస్తాయి. ఇక మిగిలింది మనుషుల కూలి. వీటిలో ఏదీ గృహప్రవేశం నాడు నీ కంటికి కనపడదు. ఆ రోజుకి రెండిళ్లూ ఒక్కలాగే మెరుస్తాయి.

ఇదంతా నీకు ఇంత నమ్మకంగా ఎందుకు చెబుతున్నానో తెలియాలంటే, ఇన్నేళ్లూ ఇంట్లో ఎవరికీ పూర్తిగా చెప్పని సంగతి ఒకటి చెప్పాలి.

1997లో ఈ ఇల్లు కట్టాను. అప్పటికే పదేళ్లుగా వర్క్ ఇన్‌స్పెక్టరుగా ఊళ్లోవాళ్ల గోడలకి వంకలు పెట్టినవాణ్ణి. అప్పట్లో ఇళ్లలో డిస్టెంపరే ఎక్కువ. కొట్లో డబ్బాల మీద కుంచె పట్టుకుని నవ్వే గట్టు బొమ్మ ఉండేది, ఆర్.కె. లక్ష్మణ్ 1954లో గీసిన బొమ్మ. నీకప్పుడు నాలుగేళ్లు, ఆ డబ్బా కావాలని ఏడ్చావు కూడా. పెయింటరు మేస్త్రీతో మొత్తం పనికి ఒక రేటు మాట్లాడుకున్నాను. ఆషాఢం రాగానే అతని చేతిలో వేరే పని లేదని తెలిసింది. పిలిచి, ఆ రేటు కుదరదని నాలుగో వంతు కోసేశాను. అతను వెంటనే ఏమీ అనలేదు. హాలు గోడ మీద అరచేయి పెట్టి పైనుంచి కిందకి ఒకసారి నిమిరాడు. సున్నం పొడి అంటుకున్న చేతిని లుంగీకి తుడుచుకుని, "సరేలెండి బాబూ, మీరన్నకాడికే చేస్తా" అన్నాడు. నేను గెలిచాననుకున్నాను.

భాద్రపదంలో వానలు పట్టాయి. వినాయక చవితి వెళ్లిన వారానికి హాలు గోడ బొబ్బలెక్కింది. దసరాకి పెచ్చులు పెచ్చులుగా రాలింది. నేనేం చేశానో తెలుసా? బజార్లో టీ కొట్టు దగ్గర, పదిమంది ముందు అతణ్ణి దొంగ అన్నాను. అతను గ్లాసు కింద పెట్టి తలొంచుకుని వెళ్లిపోయాడు. మళ్లీ మా వీధికి రాలేదు.

ఆరేళ్ల తర్వాత మళ్లీ రంగు వేయిస్తుంటే, వేరే మేస్త్రీ గీకుడు రేకుతో ఒక పెచ్చు ఊడదీసి నా అరచేతిలో పెట్టాడు. "చూడండి సార్, వట్టి సున్నం మీద డిస్టెంపరు వేసేశారు. మధ్యలో ప్రైమరు లేదు. పొడి మీద రంగు నిలబడదు" అన్నాడు. కాసేపాగి, "ఎంతకి చేశాడు సార్?" అని అడిగాడు. చెప్పాను. అతనింకేమీ మాట్లాడలేదు, నిచ్చెనెక్కి పని చేసుకున్నాడు. ఆ పెచ్చు నా చేతిలోనే ఉంది. నేను కోసిన నాలుగో వంతు, గోడలో లేని ఆ ప్రైమరు, రెండూ ఒకటేనని అప్పుడు తెలిసొచ్చింది. ఆ మొదటి మేస్త్రీ నన్ను మోసం చేసిన మాట నిజమే. కాకపోతే ఆ మోసానికి బేరం పెట్టింది నేను. అతణ్ణి వెతికి క్షమాపణ చెప్పుకుందామని అతని పేటకి వెళ్లాను. ఊరొదిలి వెళ్లిపోయి చాలా కాలమైందన్నారు.

అందుకని చిన్నా, 17 రూపాయలాయన చెడ్డవాడని నేననడం లేదు. నిజానికి ఎవరి చేతిలో ఎంత పని ఉందో మనకి తెలియదు. ఆ డబ్బుకి రెండు పట్ల లప్పం, ప్రైమరు, రెండు కోటింగులు రావని మాత్రం తెలుసు. తెలిసీ ఒప్పుకుంటే, ఎగ్గొట్టమని మనమే చెప్పినట్టు.

ఇక రెండో మాట. ఇది రేటు కన్నా ముఖ్యం. ప్లాస్టరింగ్ అయ్యి పది రోజులేనన్నావు. శ్రావణంలో ముహూర్తం, ఇంకా నలభై రోజులుంది, ఈలోగా రంగులైపోవాలంటున్నావు. అవ్వదు. క్యూరింగ్ ఆపాక కనీసం 28 రోజులు గోడని దాని మానాన వదిలెయ్యాలి. అదీ ఎండల్లో. మీ హైదరాబాదులో ఇప్పుడు రోజూ సాయంత్రం వాన. సిమెంటు గోడ పైకి ఆరినట్టే కనపడుతుంది, లోపలి నీళ్లు బయటికి రావడానికి నెల పైనే పడుతుంది. వచ్చేటప్పుడు ఆ నీళ్లు సిమెంటులోని సున్నపు ఘాటునీ, ఉప్పునీ వెంటబెట్టుకొస్తాయి. మీద రంగు పొర ఉంటే ఆ ఘాటు దాన్ని తింటుంది, ఉప్పు దాన్ని పైకి లేపుతుంది. నా గోడకి వచ్చిన బొబ్బల్లో ఆ వంతు కూడా ఉంది.

మీ తాతయ్య కాలంలో ఈ బాధ లేదు. సంక్రాంతికి నెల ముందు గాబులో గుల్లసున్నం పోసి నీళ్లు కొడితే బుసబుసా పొంగేది. మర్నాడు గుడ్డతో వడగట్టి, చిటికెడు నీలిమందూ కాస్త జిగురూ కలిపి వెల్ల వేయించేవారు. సున్నం గోడలో చెమ్మని బంధించదు, పోనిస్తుంది. గాలి తగిలేకొద్దీ గట్టిపడుతుంది. పైగా ఏటేటా వేసేదే కాబట్టి ఏ తప్పైనా ఏడాదితో పోయేది. ఇప్పుడు వేసేవి ఏడెనిమిదేళ్లుండాలని కోరుకుని వేసే ఎమల్షన్లు. తప్పు కూడా అన్నేళ్లూ గోడ మీదే ఉంటుంది.

అనుమానం తీరాలంటే ఒక పని చెయ్యి. అడుగు నిడివి, అడుగు వెడల్పు ప్లాస్టిక్ కాగితం తీసుకుని గోడకి నాలుగు వైపులా టేపుతో గాలి దూరకుండా అంటించు. ఒక పగలూ ఒక రాత్రీ వదిలెయ్యి. తీసినప్పుడు లోపలివైపు నీటి బొట్లు కనపడ్డా, గోడ రంగు మారి నల్లబడ్డా అది ఇంకా ఆరలేదు. బాత్‌రూమును ఆనుకున్న పడగ్గది గోడ దగ్గర మరీ మరీ చూడు. అక్కడ చెమ్మ కనపడితే అది రంగుతో పోయేది కాదు. బాత్‌రూములో నీళ్లు నిలగట్టి రెండు రోజులుంచి ఎక్కడ కారుతుందో పట్టుకోవాలి. చెమ్మని దాచే రంగు ఉందని ఎవరు చెప్పినా నమ్మకు.

ముహూర్తం మార్చమని నేను చెప్పను. మీ అత్తగారు బాధపడతారు. శ్రావణంలో పాలు పొంగించుకోండి, వ్రతం చేసుకోండి. గోడలు బూడిద రంగులోనే ఉండనీ. గడపకి పసుపు, గుమ్మానికి మామిడాకులు ఉంటే చాలు, ఆ ఇల్లు బాగుండదని ఎవరూ అనరు. కార్తీకంలో పొడి గాలి మొదలయ్యాక లప్పం మొదలుపెట్టించు. ఓ నాలుగు నెలలు అద్దె భారం పడుతుంది, నిజమే. అందులో కొంత నేను పంపుతాను, కాదనకు.

లప్పం గురించి కాస్త వివరంగా రాస్తాను, పని అంతా అక్కడే ఉంది. తెల్ల సిమెంటు లప్పం రెండు పట్లూ కలిపి ఒకటిన్నర మిల్లీమీటరు మించకూడదు. కానీ తాపీ మేస్త్రీ గోడ వంకరగా పూస్తే, ఆ గుంటలన్నీ లప్పంతోనే నింపమని పెయింటరు మీద పడతారు. మందంగా పట్టిన లప్పం బీటలిస్తుంది, ఊడుతుంది. అప్పుడు మాటపడేది పెయింటరే. కాబట్టి తాపీ మేస్త్రీకి ఆఖరి డబ్బులిచ్చేముందే గోడ చూసుకో. వేలి కణుపుతో కొడుతూ వెళ్లు, డొల్ల చప్పుడు వచ్చినచోట సుద్దతో గీత పెట్టి మళ్లీ పూయించు. రాత్రి పూట లైట్లన్నీ ఆర్పి, టార్చిని గోడకి ఆనించి పక్కవాటుగా వెలుతురు పారించు. పగలు నున్నగా కనపడిన గోడ మీద మిట్టలూ పల్లాలూ నీడలు పడి నీకే తెలుస్తాయి. లప్పం పట్టి రుద్దాక ఇంకోసారి అలాగే చూడు. నీకు నచ్చిందన్న ఆ మెరుపు రంగు వద్దనడానికి కారణం కూడా ఇదే. మెరుపు ఎంత ఎక్కువుంటే గోడ లోపం అంత బయటపడుతుంది. ఆ డబ్బు లప్పం మీద పెట్టి, పైన మామూలు మ్యాట్ ఎమల్షన్ వేయించు.

ఆ రుద్దే పని ఎప్పుడైనా దగ్గరుండి చూశావా? తలుపులు మూసిన గదిలో పద్దెనిమిది, ఇరవయ్యేళ్ల కుర్రాడు నిచ్చెన మీద నిలబడి ఎమరీ కాగితంతో సీలింగు రుద్దుతుంటాడు. పొడి అంతా మొహాన్నే పడుతుంది. మూతికి తువ్వాలు కట్టుకుంటాడు. దిగేసరికి కనుబొమలూ రెప్పలూ తెల్లగా అయిపోయి, ముసలివాడిలా ఉంటాడు. ఉమ్మితే తెల్లగా పడుతుంది. అది తెల్ల సిమెంటూ రాతిపొడీ, చిన్నా. రోజుకొకటి చొప్పున మంచి మాస్కులూ, ఒక కళ్లద్దాల జతా నువ్వే కొనిపెట్టు, పెట్టుకునేదాకా ఊరుకోకు. కిటికీలు తీయించు. వాళ్లడగరు. శనివారం బట్వాడా మాత్రం ఏ వారమూ ఆపకు. నీకు బ్యాంకు డబ్బు ఆలస్యమవ్వచ్చు, ఆ కుర్రాడికి బియ్యం ఆలస్యం కాకూడదు. అడ్వాన్సు ఎక్కువివ్వకు, జరిగిన పనికి జరిగినంత ఇవ్వు. అంతా అయ్యాక వంకలు పెట్టి ఆఖరి మొత్తం కొయ్యకు. వంకలుంటే పని జరుగుతున్నప్పుడే చెప్పాలి.

డబ్బాలు నువ్వే వెళ్లి బిల్లుతో కొను. 2018 జులైలో రంగుల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గించారు, బిల్లు లేకుండా కొనాల్సిన అవసరమూ లేదు. ఒక గదికి కావలసిన రంగు ఒకేసారి కలిపించు, విడివిడిగా కలిపిస్తే ఛాయ తేడా వస్తుంది. డబ్బా మూత మన ఇంట్లోనే, నీ కళ్లముందే తెరవాలి. అందులో పెయింటర్ల కోసం కంపెనీవాళ్లు పెట్టే టోకెను ఉంటే అది అతనిదే, అడ్డుపడకు. తలుపులకీ గ్రిల్సుకీ వేసే ఎనామిల్ విషయంలో మాత్రం గట్టిగా ఉండు. ఇంటి రంగుల్లో సీసం పది లక్షల్లో 90 పాళ్లు మించకూడదని కేంద్రం 2016లో నిబంధన పెట్టింది, 2017 నవంబరు 1 నుంచి అమల్లో ఉంది. డబ్బా మీద ఆ మాట లేకపోతే తేవద్దు. మీ పాప అన్నీ నోట్లో పెట్టుకునే వయసులో ఉంది.

29 రూపాయలాయనకి నేను చెప్పమన్నానని చెప్పు, ఇంకో రూపాయి కూడా తగ్గించమని అడగడం లేదు. కానీ ఏ రోజు ఏ పని, ఎన్ని పట్లు, ఎన్ని కోటింగులు, మధ్యలో ఎంత ఆరబెట్టడం, అన్నీ కాగితం మీద రాసివ్వమను. రాసివ్వడానికి వెనకాడకపోతే అతనికే ఇవ్వు. ఆ 17 రూపాయలాయనకి కూడా ఫోన్ చేసి, ఎందుకివ్వలేదో మర్యాదగా చెప్పు. వీలైతే కాంపౌండు గోడ పని న్యాయమైన రేటుకి అతనికివ్వు.

వచ్చే ఆదివారం పొద్దున్న బండికి బయలుదేరి సికింద్రాబాదులో దిగుతాను. స్టేషనుకి రానక్కర్లేదు, ఘట్‌కేసర్ బస్సెక్కి నేనే వస్తాను. నా పాత టార్చి పెట్టెలో పెట్టాను, బ్యాటరీలు కొత్తవి వేశాను. ఆ 29 రూపాయల మేస్త్రీని సాయంత్రం చీకటిపడేదాకా ఉండమను, అతనితో కలిసి గోడలు చూస్తాను. రాత్రి భోజనానికి అతణ్ణీ ఉంచెయ్యి. మీ పెద్దమ్మ గోంగూర పచ్చడి పంపుతోంది.

ఆశీస్సులతో,
పెదనాన్న