వెలలేనిదానికి పైకమేల?

2001వ సంవత్సరమున వెలసిన వికీపీడియాను చదువుటకు రుసుము లేదు. వ్యాపారప్రకటనల బెడదయు లేదు. అయినను ఏటేట లక్షలాది పాఠకులు దానికి ధనమొసగుచున్నారు. ఉచితముగా లభించుదానికి పైకమేల?

అది వెల కాదు. వెల చెల్లించినవాడు వస్తువును గైకొని ఋణవిముక్తుడై వెడలిపోవును. ఇచట పాఠకుడు ముందే విద్యను పొందినాడు. వ్రాసినవారెవరో అతడెరుగడు, వారు ప్రతిఫలమాశింపలేదు. వారికి తీర్చలేని ఋణమును అతడు రాబోవు పాఠకునికి తీర్చుచున్నాడు. చలివేంద్రమున దాహము తీర్చుకొనిన బాటసారి మరునాడు ఒక కడవ నీరు తెచ్చి పోయుట వంటిది.

ప్రత్యుపకారము కోరక, ఈయవలెనను బుద్ధితో ఇచ్చునదే సాత్త్వికదానమని గీత పదునేడవ అధ్యాయము చెప్పుచున్నది. మరి, ఆపుట మరచినందున మాత్రమే నెలనెల బ్యాంకు ఖాతానుండి తనంతట పోవుచుండు చందా మాటయేమి? (ఈ మరపు నేడు అరుదైనదేమియు కాదు.) ఇచ్చుచున్న సంగతియే ఎరుగనివానికి ఈయవలెనను బుద్ధి ఎక్కడిది? దానినొకసారి నిలిపి, తలచుకొని మరల ఇచ్చినచో, చేరు పైకము అంతియే. ఇచ్చువాడు మాత్రము అప్పుడే కలుగును.