పేరు సరే, పంపినది ఎవరు?



మన సంఘాల్లో ఐటీ ఉద్యోగులు చాలామంది. వారికి ఇది కొత్త సంగతి కాదు. మిగిలినవారు విండోస్ కంప్యూటర్‌లో టాస్క్ మేనేజర్ తెరచి చూడండి. నడుస్తున్న ప్రోగ్రాముల జాబితాలో ఎస్‌వీసీహోస్ట్ అనే పేరు పదులసార్లు కనబడుతుంది. భయపడకండి, విండోస్ సేవలను నడిపించే నిజమైన ప్రోగ్రామే అది. అయితే అంతమందిలో ఒకడు ఎక్కువైతే ఎవరు లెక్కపెడతారు? అందుకే దాడిచేసేవారు తమ దొంగ ప్రోగ్రాముకు అదే పేరు పెడతారు. కొందరు 'ఓ' అక్షరం బదులు సున్నా పెడతారు.

పరీక్షించేవారు పేరు చూసి ఊరుకోరు. ఏ ఫోల్డర్‌లోనుండి నడుస్తోంది? అసలుది సాధారణంగా సిస్టమ్32లో ఉంటుంది, డౌన్‌లోడ్స్‌లో దానికేం పని? దాన్ని మొదలుపెట్టినది ఎవరు? సర్వీసెస్ అనే ప్రోగ్రామైతే సరే, వర్డ్ ఫైలు తెరవగానే పుడితే అనుమానించాలి. మైక్రోసాఫ్ట్ డిజిటల్ సంతకం ఉందా? ఇంకో మోసం కూడా ఉంది. విండోస్ వారి అసలు పనిముట్టునే తీసుకొని, పేరు మార్చి వాడుకుంటారు. అప్పుడు సంతకం నిజమైనదే! కానీ బయట పేరు మార్చినంత మాత్రాన ఫైలు లోపల వ్రాసియున్న అసలు పేరు మారదు. ఆ రెండూ కలవకపోతే దొంగ దొరికినట్టే.

యెహోషువ 9వ అధ్యాయం చదవండి. గిబియోనీయులు పాత చెప్పులు, చినిగిన సిద్దెలు, బూజుపట్టిన రొట్టెలతో వచ్చి, దూరదేశంవారమన్నారు. ఎక్కడనుండి వచ్చారని యెహోషువ అడగకపోలేదు సుమా! జవాబు మాత్రం వారి నోటినుండే తీసుకున్నాడు. పెద్దలు రొట్టె చూశారు, దేవుని అడగలేదు. (ప్రాణభయంతో ఆడిన అబద్ధం, వారిమీద నాకు కొంత జాలే.) మూడు దినములకు పొరుగువారని తెలిసింది. అప్పటికే ప్రమాణం చేసేశారు.

పరదేశంలో తెలుగు మాట వినబడితేనే మనకు ప్రాణం లేచివస్తుంది. వాట్సాప్‌లో "వందనాలు బ్రదర్" అని పలకరింపు, ఒక వాక్యం, అనాథ పిల్లల ఫోటోలు, ఆ తర్వాత బ్యాంకు ఖాతా నంబరు. మాటలన్నీ మనవే. అతడిచ్చిన నంబరుకే ఫోన్ చేసి "మీరు నిజమేనా" అని అడిగితే అది యెహోషువ చేసిన పనే అవుతుంది. ఆ ఊళ్లో మీకు తెలిసిన విశ్వాసిని పంపి చూడమనండి. పిల్లలు ఏ బడికి వెళ్తున్నారో, లెక్కలు ఎవరు చూస్తున్నారో అడగండి. నిజమైన సేవకులు నొచ్చుకోరు. బెరయవారు పౌలు బోధనే లేఖనాలతో సరిచూశారు. అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయం వారిని మెచ్చుకుంది.

పంపేముందు ఒక రాత్రి ఆగి ప్రార్థించండి. "ఈ రోజే పంపాలి" అన్నవాడి విషయంలో రెండు రాత్రులు.