పెరటి కోడియు – భూతదయయు

కోడిని తినని వానికి కోడితో నేమి పని యని కొందరు తలంపవచ్చును. లింగధారులమై మాంసమును, గ్రుడ్డును ముట్టని మనకు ఆ ప్రాణి యెట్లు బ్రతికినను దోషము లేదని ఆ తలంపునకు భావము. అది యుక్తమగునా యని విచారించుటయే ఈ వ్యాసము నుద్దేశము.

పలాస, వజ్రపుకొత్తూరు, సోంపేట, కవిటి ప్రాంతముల ఉద్దానపు గ్రామములలో జీడిమామిడి, కొబ్బరి, పనస తోటల నడుమ ఇండ్లు కలవు. ఆ పెరళ్ళలో నాలుగైదు పెట్టలు, ఒక పుంజు తిరుగుట నేటికిని కానవచ్చును. తెల్లవారి గంప యెత్తగనే అవి వెలువడి, ఎండుటాకులను కాళ్ళతో కెలకి పురుగులను ఏరుకొనును. ఎండవేళ దుమ్ములో పొరలాడును. ప్రొద్దు గ్రుంకగనే గూడు చేరును. పొదుగు పెట్ట 21 దినములు గ్రుడ్లను కనిపెట్టుకొని యుండును. గద్ద నీడ పడినచో పిల్లలను రెక్కల క్రిందికి పిలుచుకొనును. కెలకుట, పొరలుట, పొదుగుట దానికి పుట్టుకతో వచ్చిన స్వభావములు.

ఇక పెద్ద ఫారములను చూడుడు. గ్రుడ్ల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్ దేశమునకే అగ్రగామి. ఆ గ్రుడ్లలో అధికభాగము ఇనుప తీగల బోనులనుండి వచ్చునవే. అందు ఒక్కొక్క కోడికి దక్కు తావు మనము ఉత్తరము వ్రాయు పెద్ద కాగితమంతయైనను ఉండదు. రెక్క చాపుటకు వీలు లేదు. కాలి క్రింద మన్ను లేదు. ఒకదాని నొకటి పొడుచుకొనకుండ ముక్కు కొన కత్తిరింతురు. గ్రుడ్ల జాతిలో మగపిల్ల పనికిరానిదని పుట్టిన నాడే చంపుట ఆ వ్యాపారమున సామాన్యము. ఆ కోడి ఏటికి ఇంచుమించు 300 గ్రుడ్లు పెట్టగా, నాటు పెట్ట 100 కూడ పెట్టదు. గ్రుడ్డు చౌక యగుటకు మూల్యమును చెల్లించునది కోడియే.

ఈ విషయమున లోకము మేల్కొనకపోలేదు. ఇంగ్లండులో 1964లో రూత్ హారిసన్ అను స్త్రీ ‘యానిమల్ మెషీన్స్’ అను గ్రంథమున దీనిని బయలుపెట్టెను. మరుసటి యేట అచ్చటి ప్రభుత్వ సంఘము, పశువునకు లేచుటకు, పండుకొనుటకు, తిరుగుటకు, అవయవములు చాపుటకైనను తావుండవలెనని చెప్పెను. ఐరోపా సమాఖ్య 2012 నుండి వట్టి బోనులను నిషేధించెను. మన దేశమున 1960 నాటి జంతుహింస నివారణ చట్టము, కదలుటకు చాలని బోనులో ప్రాణిని బంధించుటను నేరముగా నెంచినది. 2017లో లా కమిషన్ తన 269వ నివేదికను కోళ్ళ పోషణ విషయముననే సమర్పించినది.

అయినను మనకేమి సంబంధము? మన చేని మొక్కజొన్న ఆ ఫారములకు దాణాగా పోవుచున్నది. బడిపిల్లల మధ్యాహ్న భోజనమునకు కొను గ్రుడ్లలో మన పన్నుల సొమ్ము కలదు. తినని నోరు శుద్ధమైనంత మాత్రమున, ఇచ్చిన చేయి శుద్ధము కాదు. కాయకము పవిత్రముగా నుండవలెనన్న బసవేశ్వరుని బోధ నోటికే కాక చేతికిని వర్తించును.

పెరటి కోడియు తుదకు కత్తికే కదా యని ఆక్షేపింతురు. నిజమే, దానిని అహింస యనుట ఆత్మవంచన. కాని ఒకనాటి మరణము వేరు, బ్రతికిన ప్రతి దినమును యాతన యగుట వేరు. పాపము తగ్గుట పుణ్యము కాకపోయినను, ఆ తగ్గింపు ఆ ప్రాణికి అల్పము కాదు. మరియు పాలు త్రాగు మనము కోడెదూడ గతి యేమని తలచినచో, పొరుగువానిపై వ్రేలు చూపుటకు సాహసింపము.

బీదల బ్రతుకును చూడవలెను. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను ఉద్దానపు తోటలను కూల్చినది. కొబ్బరి మొక్క కాపునకు వచ్చుటకు ఏండ్లు పట్టును. కోడిపిల్ల ఆరేడు నెలలలో గ్రుడ్డు పెట్టును. అట్టి ఇల్లాలికి నాలుగు పెట్టలే చేతి సొమ్ము. హైదరాబాదు రాజేంద్రనగరములోని కోళ్ళ పరిశోధనా సంస్థ వనరాజా, గ్రామప్రియ అను జాతులను పెరటి పెంపకమునకే రూపొందించినది.

అయితే పెరడు తనంతట దయామయము కాదు. కాళ్ళు కట్టి తలక్రిందులుగా సంతకు మోయుట, సంక్రాంతికి పుంజు కాలికి కత్తి కట్టుట, కొక్కెర తెగులుకు టీకా వేయింపక చావనిచ్చుట — ఇవన్నియు పెరటి పాపములే. పెంచువారు పిల్లి చొరని గూడు, నీడ, మంచినీరు, సకాలమున టీకా సమకూర్పవలెను. మనవారు బోనుల ఫారములకు భూమిని గాని, పెట్టుబడిని గాని ఈయకుందురు గాక. మఠములలో జరుగు గోష్ఠులయందు ఈ మాట చర్చకు రావలెను.

టెక్కలి చెంత తేలినీలాపురమునకు ఏటేట వచ్చు గూడబాతులను, ఎర్రకాళ్ళ కొంగలను ఆ యూరివారు అతిథులుగా నెంచి బాధింపరు. దూరమునుండి వచ్చిన పక్షిపై చూపు ఆ దయ, మన చూరు క్రింద పుట్టిన పక్షికిని అందవలెను. తినువాడు, తిననివాడు అను భేదము లేక ఇరువురును చేయదగిన ధర్మమిది.