కల్లు కాంపౌండు గడప

పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగిలయ్యకి 2022లో పద్మశ్రీ వస్తే, మా నాగర్‌కర్నూల్ మనిషని మురిసిపోయాను. పాలమూరు పాటల మీదే నా పరిశోధన. అయినా వనపర్తి దగ్గర ఒక కల్లు కాంపౌండు గడప దాటలేకపోయాను. లోపల నాట్లేసి వచ్చిన ఆడకూలీలు సీసాలు ముందు పెట్టుకుని పాడుతున్నారు.

"గట్ల నిలవడ్డవేంది బిడ్డా, లోపలికొచ్చి కూసో" అందొక అవ్వ.

ఐర్లండు పబ్బుల్లో ఒకప్పుడు ఆడవాళ్లు ఎవరి కంటా పడకుండా కూర్చోడానికి 'స్నగ్' అనే చాటుగది ఉండేది. నా చాటుగది పేరు మర్యాద. కులం కట్టింది, చదువు సున్నం వేసింది.

అలాగని వాళ్లది స్వేచ్ఛ అని రాసేయలేను. మగవాళ్లకన్నా తక్కువ కూలి. ఇంటికెళ్తే పొయ్యి వాళ్లకోసమే కాచుకుని ఉంటుంది. కానీ పక్కన కూర్చోలేని నాకు ఆ పాటని రికార్డు చేసుకునే హక్కు ఎక్కడిది?

ఆరోజు రికార్డరు సంచిలోంచి తీయలేదు. లోపలికీ వెళ్లలేదు.