షావుకారు పెట్టించిన యోగా

రావులపాలెం అరటి మార్కెట్ యార్డులో ఒక గుమస్తా ఉండేవాడు. పొద్దున్నే లంకల్లోంచి సైకిళ్ల మీదా ఆటోల మీదా గెలలు దిగేసరికి అతను అక్కడ ఉండాలి. చక్కెరకేళి ఎన్ని, కర్పూరం ఎన్ని, బొంత ఎన్ని రాసుకోవాలి. వేలంపాట అయ్యాక రైతుకి చీటీ ఇవ్వాలి. ఒడిశా వెళ్లే లారీలో ఎండుటాకు పరిపించి, గెలలు నలగకుండా సర్దించాలి. ఇక్కడ బేరం గెల లెక్కన, కంటి అంచనా మీద. అందుకని ఒక్క గెల తేడా వచ్చినా మాట పడేది గుమస్తాయే.

ఒక కార్తీక మాసంలో ముగ్గురి పని అతనొక్కడి నెత్తినే పడింది. రాత్రి పదకొండింటికి బరంపురం నుంచి ఫోను: సరుకు దారిలోనే మగ్గిపోయిందని. పన్నెండింటికి షావుకారు ఫోను: అదెందుకు మగ్గిందని. పడుకుంటే గుండె దడ, లేస్తే చేతి వణుకు. ఒకరోజు నిండు పాటలో తాను రాసిన అంకె తనకే అర్థం కాలేదు.

షావుకారు చెడ్డవాడేం కాదు. "ఏరా అబ్బాయ్, టెన్షన్ ఎక్కువైనట్టుంది. యోగా నేర్పిస్తాలే" అన్నాడు. లొల్ల లాకుల దగ్గర కాలవ తలుపులెత్తి దించే లస్కరుగా చేసి రిటైరైన పెద్దాయన ఒకాయన రోజూ గౌతమి గట్టున ఆసనాలు వేసేవాడు. ఆయన్ని మాట్లాడి, గుమస్తాని పనికి అరగంట ముందు వెళ్లమన్నాడు. ఆ అరగంట కోత పడింది గుమస్తా నిద్రలోనే అని షావుకారుకి తట్టలేదు. మంచిపని చేసేవాళ్లకి ఇలాంటివి సాధారణంగా తట్టవు.

లస్కరు మొదట ఆసనాల జోలికే పోలేదు. "కడుపు మీద చెయ్యేసుకో బాబూ. నాలుగు లెక్కెట్టి పీల్చు, ఆరు లెక్కెట్టి వదులు" అన్నాడు. తర్వాత భ్రామరి: చెవులు మూసుకుని గొంతులో జుమ్మనిపించడం. ఆఖర్న శవాసనం. అందులో గుమస్తా గురక పెట్టేశాడు. పిలవడానికొచ్చిన జట్టు కూలీని లస్కరు చేత్తోనే ఆపాడు. "లేపకు. ఇతనికి ముందు కావాల్సిన ఆసనం ఇదే."

నెల తిరిగేసరికి వణుకు తగ్గింది, అంకెలు కుదుటపడ్డాయి. షావుకారు సంబరపడిపోయి, "ఇంకేం, బొంతల వ్యవహారం కూడా నువ్వే చూసుకో" అన్నాడు. పది రోజుల్లో దడ మళ్లీ మొదలైంది.

"ఏవండీ మేస్టారూ, మీ యోగా పనిచెయ్యలేదే?" అని షావుకారు గట్టు మీదకే వచ్చి అడిగాడు.

"వరదొచ్చినప్పుడు లొల్లలో నేనెంత నేర్పుగా తలుపులెత్తి దింపినా, పైన బొబ్బర్లంకలో హెడ్ స్లూయిస్ మూస్తేనే కాలవ గట్టు నిలిచేదండి" అన్నాడు లస్కరు. "కుర్రాడు తన తలుపు తాను తిప్పుకోడం నేర్చుకున్నాడు. పైన మూయాల్సింది తమరే కదండీ."

షావుకారు ఏమీ అనలేదు. ఆ వారంలోనే బొంతలకి ఇంకో కుర్రాణ్ణి పెట్టాడు. రాత్రి తొమ్మిది దాటాక వచ్చే లారీ ఫోన్లు తన సెల్లుకే మళ్లించుకున్నాడు. మూడు రాత్రులు నిద్ర లేకపోయేసరికి నాలుగో పొద్దున గట్టు మీద చాప పరుచుకుని, "ఆ నాలుగూ ఆరూ నాకూ చెప్పండి" అన్నాడు.

నీతి: ఊపిరి దిద్దుకోవడం గుమస్తా పని, బరువు దించడం షావుకారు పని. ఒకటి చేసి రెండోది మానేస్తే యోగాని తప్పుపట్టి లాభం లేదు.

ఊపిరి సంగతిలో మహిమేమీ లేదు. విడిచే ఊపిరి నిదానమైతే వేగస్ నాడి గుండె వేగాన్ని తగ్గిస్తుంది. దడ ఆ పూటకి దిగుతుంది. మర్నాడు అదే చాకిరీ ఎదురైతే మళ్లీ ఎక్కుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో 'బర్నవుట్'ని రోగాల లెక్కలో చేర్చలేదు. పనిచేసే చోట ఒత్తిడి తీరకుండా పేరుకుపోతే వచ్చే స్థితి అని రాసింది. అంటే వెతకాల్సింది మనిషి ఒంట్లోనే కాదు, యార్డులోనూ, ఆఫీసులోనూ. 2025 జూన్ 21న యోగా దినోత్సవానికి విశాఖ సాగరతీరంలో లక్షల మంది చాపలు పరిచారు. చూడముచ్చటగానే ఉంది. అయితే జూన్ 22 రాత్రి పదకొండింటికి ఫోను మోగితే ఎత్తాల్సింది ఎవరన్నదే నా ప్రశ్న.

కాబట్టి ఉద్యోగులకి యోగా క్లాసు పెట్టించే అయ్యలారా, అది పనివేళల్లో పెట్టండి, రాత్రి ఫోన్లు ఆపండి. వారాల తరబడి దడ, నిద్రలేమి వదలని వాళ్లు ప్రాణాయామంతో సరిపెట్టుకోక డాక్టరుకి చూపించుకోండి. వెంటనే ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ ఉంది. 14416కి ఏ వేళ చేసినా పలుకుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బులు అక్కర్లేదు.